పెద్దమ్మ పాట, మూడు మైకులు

మా కోనసీమ పల్లెల్లో మైకు అంటే ఒక్క వస్తువు పేరు కాదు. గుడి పక్క కొబ్బరిచెట్టుకు కట్టిన బాకా, గదిలో వేడెక్కుతూ కూర్చున్న ఆంప్లిఫయర్, ఆ రెంటి మధ్య చెట్ల మీదుగా లాగిన తీగ, వీటన్నిటినీ పెళ్ళిళ్ళకూ తీర్థాలకూ అద్దెకిచ్చే మనిషి, అందరూ అన్నీ కలిపి మైకే. "మైకు పెట్టారు" అంటే ఎక్కడో పాటలు మోగుతున్నాయని అర్థం. నేనిక్కడ రాయదలచింది ఆ వరుసలో అందరికన్నా ముందుండే చిన్న పరికరం గురించి, అంటే గొంతును విని దానిని విద్యుత్తుగా మార్చి రికార్డుకు అందించే మైక్రోఫోను గురించి. గడచిన ముప్పై అయిదేళ్ళలో అది ఎంత మారిందో తెలుసుకోవడానికి నా దగ్గర ఒక కొలబద్ద ఉంది: మా పెద్దమ్మ పాడిన ఒకే ఒక్క పాట.

ఆడవాళ్ళు పనులు చేసుకుంటూ పాడుకునే పాత రామాయణపు పాట అది. పూర్తిగా పాడితే ముప్పావుగంట పడుతుంది. దానిని నేను 1987లో ఒకసారి, 2005లో ఒకసారి, 2022లో మరొకసారి రికార్డు చేశాను. మనిషి ఒక్కరే, ఇల్లు ఒక్కటే, కూర్చున్న చోటు కూడా దాదాపు ఒక్కటే. మారినవి పెద్దమ్మ వయసు, నా చేతిలోని మైకు.

మొదటిది కువైట్ నుంచి మావయ్య తెచ్చిన టేప్ రికార్డరులో చేసినది. దానికి విడిగా మైకు లేదు. ముందువైపు ఒక మూల, మిరియపు గింజంత రంధ్రం వెనుక, మైకు అమర్చి ఉండేది. ఆ క్యాసెట్ ఇప్పుడు వింటే మొట్టమొదట వినబడేది పెద్దమ్మ కాదు, టేపును తిప్పే మోటారు. మైకూ మోటారూ ఒకే డబ్బాలో కాపురం ఉంటున్నప్పుడు అంతకన్నా ఏం జరుగుతుంది? దానికి తోడు, ఆ రోజుల్లో ఇళ్ళకు వచ్చిన రికార్డర్లలో శబ్దం స్థాయిని యంత్రమే సర్దుకునే ఏర్పాటు ఉండేది. పెద్దమ్మ చరణం చివర ఊపిరి తీసుకోవడానికి ఆగగానే, శబ్దం మరీ తగ్గిపోయిందని యంత్రం కంగారుపడి పెంచుతుంది. దానితో పెరట్లో కాకులు, వీధిలో బోరింగు చప్పుడు, మోటారు రొద ఒక్కసారిగా పొంగుతాయి. ఆమె మళ్ళీ గొంతెత్తగానే అవన్నీ అణగిపోతాయి. నలభై అయిదు నిమిషాలపాటు పాట వెనుక ఊరు ఇలా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది.

అయినా ఆ మిరియపు గింజను చులకన చేయలేను, ఎందుకంటే ఆ పాట నాకు దక్కింది దానివల్లనే. దాని పేరు ఎలెక్ట్రెట్ మైకు, కండెన్సర్ మైకుల జాతిలోది. కండెన్సర్ మైకులో సన్నని పొర ఒకటి, దాని వెనుక కదలని లోహపు పలక ఒకటి ఉంటాయి. వాటి మధ్య విద్యుదావేశం నిలిపి ఉంచితే, శబ్దానికి పొర కదిలినప్పుడల్లా వోల్టేజి మారుతుంది. ఆ ఆవేశాన్ని బయటినుంచి పదుల వోల్టులు ఇచ్చి నిలబెట్టవలసి రావడం వల్ల, చాలాకాలం అది స్టూడియోల సొత్తుగానే ఉండిపోయింది. 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు ఆవేశాన్ని సన్నటి ప్లాస్టిక్ పొరలోనే శాశ్వతంగా బంధించే పద్ధతి కనిపెట్టారు. టెఫ్లాన్ పొరలో ఆ ఆవేశం ఏళ్ళ తరబడి నిలుస్తుందని తేలడంతో, మైకుకు ఒకటిన్నర వోల్టు సెల్లు చాలు అనే పరిస్థితి వచ్చింది. టేప్ రికార్డరు, టెలిఫోను, చొక్కాకు పెట్టుకునే కాలర్ మైకు, చెవిటి మిషను, అన్నిటిలోకీ అదే చేరింది. నా లెక్కలో మైకుల చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మార్పు ఇదే. తక్కినవి దాని తరువాతే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే "ఏళ్ళు గడిచేకొద్దీ మైకులు మెరుగయ్యాయి" అనే మాట సగమే నిజమవుతుంది. నేను కువైట్ టేప్ రికార్డరుతో కుస్తీ పడుతున్న రోజులకు చాలా ముందే, పెద్ద స్టూడియోలలో ఇప్పటికీ ఎవరూ మించలేదనిపించుకునే మైకులు ఉన్నాయి. జర్మనీలోని నాయ్‌మన్ సంస్థ యు47ను 1949లో తెచ్చింది, యు67ను 1960లో, యు87ను 1967లో తెచ్చింది. ఆస్ట్రియా నుంచి ఏకేజీ సంస్థ సి12 వచ్చింది 1953లో. వీటిలో వాల్వులతో, అంటే ట్రాన్సిస్టర్లకు ముందునాటి వాక్యూమ్ గొట్టాలతో, పనిచేసిన యు47 ఈనాటికీ మంచి స్థితిలో దొరికితే లక్షల రూపాయలు పలుకుతుంది. తొలినాటి యు47లలో పొర పి.వి.సి.తో చేసినది కాబట్టి ఏళ్ళ మీద ఎండి బిగుసుకుపోతుంది, దానిలోని వాల్వు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అయినా గాయకులు దాని ముందు నిలబడడానికి వరుసలో ఉంటారు. కొత్త మైకులు చేసే కంపెనీలు సైతం తమ సరుకును పొగుడుకోవలసి వచ్చినప్పుడు ఆ పాతవాటితోనే పోల్చుకుంటాయి. గొంతులోని నిండుతనాన్ని పట్టుకునే విషయంలో శిఖరం డెబ్బై అయిదేళ్ళుగా అక్కడే ఉంది. ఎత్తు పెరిగింది నేల. అప్పట్లో చవక మైకు ఎక్కడ ఉండేదో, ఇప్పటి చవక మైకు ఎక్కడ ఉందో చూస్తేనే అసలు దూరం కనబడుతుంది.

వేదికల మీద వాడే డైనమిక్ మైకుల సంగతి చూస్తే ఈ మాట మరింత రుజువవుతుంది. షూర్ వారి ఎస్ఎం58 వచ్చినది 1966లో. శబ్దానికి కదిలి విద్యుత్తు పుట్టించే తీగచుట్ట, దానికి అయస్కాంతం, పైన ఇనుప జాలీ బంతి. అదే రూపంలో అదే పద్ధతిలో నేటికీ అమ్ముడవుతోంది. 1980లలో నియోడిమియం అయస్కాంతాలు వచ్చాక ఈ జాతి మైకుల్లో కొన్నిటికి గొంతు కాస్త పెద్దదైంది, అంతే. 2005లో నేను రెండోసారి రికార్డు చేసినది ఇలాంటి మైకుతోనే. మా ఊరి భజన సమాజం వారిని అడిగి తెచ్చి, పెద్ద పిన్నును చిన్న పిన్నుగా మార్చే ముక్క ఒకటి తగిలించి, కంప్యూటరు వెనుక ఉండే గులాబీరంగు రంధ్రంలో గుచ్చాను. మోటారు గోల పోయింది. పెద్దమ్మ గొంతు దగ్గరగా, బరువుగా వచ్చింది. ఒకవైపు నుంచి వినే మైకుకు నోరు దగ్గరైనకొద్దీ మంద్రం పెరగడం సహజం. కాని పాట కింద మొదటినుంచి చివరిదాకా పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు సుయ్‌మనే రొద ఒకటి సాగుతూనే ఉంది.

ఆ పాపం మైకుది కాదని తెలియడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. డైనమిక్ మైకు ముందు గట్టిగా మాట్లాడినా దాని నుంచి వచ్చేది ఒకటి రెండు మిల్లీవోల్టులు. పెద్దమ్మలాంటి మెత్తని గొంతుకైతే అందులోనూ కొద్ది భాగమే. దానిని వెయ్యి రెట్లు పెంచితే గాని రికార్డుకు పనికిరాదు. ఆ పెంచే సర్క్యూటు నాసిరకమైతే, గొంతుతోపాటు తన రొదను కూడా పెంచి పంపుతుంది. ఆ తరువాతి కాలంలో వచ్చిన ఆడియో ఇంటర్‌ఫేసులలో (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టెలు), చేతిలో పట్టే రికార్డర్లలో బాగుపడినది ఈ పెంపకమే. 1973లో పుట్టిన షూర్ ఎస్ఎం7 మైకుకు ఈ మధ్య పాడ్‌కాస్టులవల్ల వచ్చిన పేరుకు కూడా ఇదే కారణమని నా అనుమానం. మైకు పాతదే, దాని వెనుక నిలబడిన ప్రీఆంప్లిఫయర్లు, అంటే ఆ పెంచే సర్క్యూట్లు, ఎదిగాయి. చివరికి 2023లో ఆ సంస్థే ప్రీఆంప్లిఫయరును లోపల అమర్చి మరీ అదే మైకును అమ్మడం మొదలుపెట్టింది.

కండెన్సర్ మైకుల విషయానికి వస్తే మెరుగుదలను అంకెల్లోనే చూపవచ్చు. ఏ శబ్దమూ లేనిచోట కూడా మైకు తనంతట తాను కొంత రొద చేస్తుంది. దానిని మన చెవి తీరుకు తగ్గట్టు సరిచేసి డెసిబెల్స్‌లో చెబుతారు. ఇప్పటి యు87కు అది 12. అదే సంస్థ 1997లో తెచ్చిన టీఎల్ఎం103కు 7. రోడ్ అనే ఆస్ట్రేలియా సంస్థ వారి ఎన్‌టీ1-ఏకు 5, దాని తరువాతి తరం ఎన్‌టీ1కు 4. డెసిబెల్ గుణకారపు కొలత కాబట్టి ఈ తేడాలు పైకి కనిపించేంత చిన్నవి కావు. 20 తగ్గిందంటే రొద వోల్టేజి పదోవంతుకు పడిపోయిందని లెక్క. అర్ధరాత్రి సద్దుమణిగిన ఇల్లు కూడా 20 డెసిబెల్స్‌కు అటూఇటూగా ఉంటుంది గనుక, ఒక మధ్యతరగతి మనిషి కొనగలిగే మైకు ఈనాడు ఆ ఇంటి నిశ్శబ్దం కన్నా నిశ్శబ్దంగా ఉందన్నమాట. మైకు చివరి ట్రాన్స్‌ఫార్మరును తీసివేసి సర్క్యూటును కుదించడం, మెరుగైన ట్రాన్సిస్టర్లు దొరకడం, వెనుక పలకకు పెట్టే రంధ్రాలను కంప్యూటరు నడిపే యంత్రాలు ఒకదానికొకటి తేడా లేకుండా తొలచడం, ఇవన్నీ దీనికి తోడ్పడ్డాయి.

కరెంటు సంగతి కూడా ఇక్కడే. ఇప్పటి కండెన్సర్ మైకులు సంకేతం వచ్చే తీగలోనుంచే 48 వోల్టులు తీసుకుంటాయి. ఫాంటమ్ పవర్ అంటారు. ఈ 48 అంకె ఎలా వచ్చిందనేది నాకు ఇష్టమైన కథ. 1966లో నార్వే రేడియో సంస్థ నాయ్‌మన్ వారిని ట్రాన్సిస్టరు మైకులు అడిగింది. చలికాలమంతా చీకటి కమ్ముకుని ఉండే ఆ దేశపు స్టూడియోలలో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉంది. దానితోనే పనిచేసేలా కేఎం84 మైకును తయారుచేసి ఇచ్చారు. అలా నార్వే దీపాల వోల్టేజి ప్రపంచానికంతటికీ ప్రమాణమైంది.

ఇంత మెచ్చుకున్నాక ఒక చేదు అనుభవం కూడా చెప్పాలి. పదేళ్ళ క్రితం, కండెన్సర్ మైకు అంటే మోజు పుట్టిన కొత్తలో, చవకగా వచ్చిందని ఒకటి కొన్నాను. వేసవిలో బాగానే పనిచేసింది. శ్రావణమాసంలో, వారం రోజులు ముసురు పట్టినప్పుడు, తీసి పెడితే లోపలినుంచి పోపు వేసినట్టు చిటపటలు! ఆవాలు వేగినంతసేపు ఆగుదామనుకున్నాను గాని అవి వేగుతూనే ఉన్నాయి. కండెన్సర్ కాప్స్యూలులో, అంటే పొరా పలకా ఉండే భాగంలో, ఆవేశం ఎటూ జారిపోకుండా నిలవాలంటే, దాని చుట్టూ ఉన్న నిరోధం వందల కోట్ల ఓముల్లో ఉండాలి. అంత సున్నితమైన చోట సముద్రపు తేమ ఒక సన్నని పొరగా పేరుకుంటే చాలు, ఆవేశం దాని మీదుగా చిట్లిపోతూ చప్పుడు చేస్తుంది. సెన్‌హైజర్ వారి ఎంకేహెచ్ వరుస మైకులు దీనికి వేరే దారి పట్టాయి: కాప్స్యూలును ఆవేశపు గిన్నెలా వాడకుండా, అధిక పౌనఃపున్యపు సర్క్యూటులో భాగం చేశాయి. అక్కడ నిరోధం తక్కువ కాబట్టి తేమ పప్పులు ఉడకవు. అడవుల్లో, సముద్రతీరాల్లో రికార్డు చేసేవారు వాటిని నమ్ముకోవడానికి కారణం అదే. అవి నా తాహతుకు మించినవి. నేను చేసిన పని, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా ఒకటి తీసుకుని, అడుగున సిలికా జెల్ పూసల మూట పెట్టి, దాని మీద మైకును పడుకోబెట్టడం. నీలంగా ఉండే పూసలు గులాబీరంగుకు తిరిగితే పెనం మీద వేయించి మళ్ళీ వేస్తాను. మా ఇంట్లో ఆ డబ్బాను ఇప్పటికీ "ఆవకాయ జాడీ" అంటారు.

2022లో మూడోసారి పెద్దమ్మ ముందు కూర్చునేనాటికి నా దగ్గర 5 డెసిబెల్స్ మైకు ఉంది, మంచి ఇంటర్‌ఫేసు ఉంది, ఇక చిక్కులేమీ ఉండవనుకున్నాను. హెడ్‌ఫోను పెట్టుకోగానే తెలిసింది, మైకు రొద తగ్గడమంటే ఇంటి రొద బయటపడడమని. సీలింగు ఫ్యాను గాలి, ఫ్రిజ్జు గొణుగుడు, గోడ గడియారం టిక్కులు, రెండిళ్ళ అవతలి కుక్కరు ఈలలు, అన్నీ వరుసగా పేరు చెప్పుకుంటూ వచ్చాయి. గడియారాన్ని దింపి పెరట్లో పెట్టాను. ఫ్రిజ్జు ఆపాను. గది మార్మోగకుండా మంచం పరుపు గోడకు నిలబెట్టి, కిటికీకి దుప్పట్లు కట్టాను. మే నెల ఉక్కలో ఎనభై దాటిన మనిషిని కూర్చోబెట్టి ఫ్యాను ఆపేశాను. చేతి గాజుల చప్పుడు కూడా స్పష్టంగా వస్తోంది. తీయమని అనబోయి నాలుక కరచుకున్నాను. ఆమే గ్రహించి, గాజులను మోచేతి దాకా పైకి తోసి, చేతిరుమాలు చుట్టుకుంది.

"ఒరేయ్ నాన్నా, ఇదివరకు పెట్టెకు ఇన్ని మర్యాదలు లేవుగా?" అంది.

ఆ మాట నిజం. 1987 క్యాసెట్‌లో కూడా ఆ గాజులున్నాయి, ఆ గడియారం ఉంది. యంత్రం సొంత రొద వాటినన్నిటినీ కప్పివేసింది. 2022 రికార్డులో నాకు కొత్తగా దొరికినవి అక్షరాలు. పాతవాటిలో శ, ష, స మూడూ ఒకే ఈలగా వినబడేవి. ఇప్పుడు వేరువేరుగా తెలుస్తున్నాయి. చరణం ఎత్తుకునే ముందు పెదవులు విడివడే చిన్న చప్పుడు, పంక్తి చివర ఊపిరి సన్నగిల్లే తీరు, కట్టుడు పళ్ళు ఒక్కోచోట తగిలే టక్కు, అన్నీ ఉన్నాయి. ఆ టక్కు విని పెద్దమ్మ సిగ్గుపడింది. గొంతు మాత్రం 1987లో ఉన్నది 1987లోనే ఉంది. ఆనాటి స్వరం మీద ఈనాటి మైకు పెట్టే ఉపాయం ఎవరికీ లేదు. రొద తీసివేసే సాఫ్ట్‌వేర్లతో ఆ పాత క్యాసెట్‌ను శుభ్రం చేయాలని చూశాను. మోటారుతోపాటు సకారాలు కూడా కొట్టుకుపోవడంతో, దానిని దాని రొదతోనే ఉండనిచ్చాను.

ఈ మధ్య వచ్చినవాటిలో నాకు నిజంగా నిశ్చింత ఇచ్చినది 32 బిట్ ఫ్లోట్ రికార్డింగు. సరిగ్గా చెప్పాలంటే అది మైకులోని మార్పు కాదు, దాని వెనుక రికార్డరులోనిది. బుర్రకథ రికార్డు చేసినవారికి దీని విలువ తెలుస్తుంది. కథకుడు కరుణరసం ఒలికిస్తూ గుసగుసగా చెబుతున్నాడని స్థాయి పెంచుతాం; మరుక్షణంలో "తందాన తాన" అంటూ వంతలిద్దరూ గుమ్మెటల మీద విరుచుకుపడతారు, రికార్డులో శబ్దం పగిలిపోతుంది. ఎన్ని కథలు అలా పాడుచేశానో! 2019లో జూమ్ ఎఫ్6 వంటి చిన్న రికార్డర్లు మెత్తని శబ్దానికొకటి, పెద్ద శబ్దానికొకటి చొప్పున శబ్దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్లు రెండు పెట్టి, రెంటినీ కలిపి 32 బిట్లలో దాచడం మొదలుపెట్టాక, స్థాయి తప్పినా ఇంటికి వచ్చి దించుకుంటే శబ్దం చెక్కుచెదరకుండా తిరిగి వస్తోంది. గుమ్మెట దెబ్బకు మైకే తట్టుకోలేకపోతే మాత్రం ఎన్ని బిట్లున్నా లాభం లేదు. అమ్మేవాళ్ళు ఆ సంగతి చెప్పరు.

ఇక ప్రతివారి చేతిలోనూ ఉన్న ఫోను మైకు మాట. ఇది సిలికాన్ చిప్పు మీదనే చెక్కిన మైకు, మెమ్స్ అంటారు. పొర వెడల్పు ఒక మిల్లీమీటరుకు అటూఇటూ. ఎలెక్ట్రెట్‌ను వెనక్కి నెట్టి ఇది ఫోనుల్లోకి రావడానికి శబ్దం బాగుండడం ఒక్కటే కారణం కాదు. ఫ్యాక్టరీలో బోర్డు మీది భాగాలన్నిటినీ ఒకేసారి అతికించే కొలిమి వేడి దాదాపు 250 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి మామూలు ఎలెక్ట్రెట్ తన ఆవేశాన్ని పోగొట్టుకుంటుంది, సిలికాన్ తట్టుకుంటుంది. పైగా చిప్పులన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా వస్తాయి కాబట్టి, ఫోనులో రెండు మూడు మైకులు పెట్టి, వాటికి శబ్దం చేరే వేళల్లోని తేడాను లెక్కగట్టి, బస్టాండు రొదలోంచి మన మాటను వేరుచేయగలుగుతున్నారు. ఒక్కొక్క చిప్పు సొంత రొద ఇంకా 25, 30 డెసిబెల్స్ దగ్గరే ఉంది, కాబట్టి దూరం నుంచి ఫోనుతో పాట రికార్డు చేస్తే ఆశించినంత రాదు. కాని ఫోనును గొంతుకు జానెడు దూరంలో పెట్టి, గాలి తగలకుండా చూసుకుంటే, మా 1987 టేప్ రికార్డరు దాని కాలిగోటికి కూడా సరిపోదు. మా ఊళ్ళో పాటలు తెలిసిన ముసలమ్మలు ఇంకా అయిదారుగురు ఉన్నారు. వాళ్ళ మనవలకు నేను చెప్పేది ఇదే, నా మైకు కోసం ఆగవద్దని.

పెద్దమ్మ దగ్గర ఇంకా నాలుగు పాటలు మిగిలాయి. ఉక్కలో మళ్ళీ కూర్చోబెట్టడానికి మనసొప్పక, ఫ్యానుతో పనిలేని చలికాలం దాకా ఆగాను. తెల్లవారుజామున అయితే కుక్కర్లు, బళ్ళు ఉండవని నాలుగు గంటలకు లేచి అన్నీ సిద్ధం చేశాను. అది ధనుర్మాసమన్న సంగతి మరిచాను. మొదటి పాట మూడో చరణంలో ఉండగా, కొబ్బరిచెట్టు మీది బాకా గొంతు సవరించుకుంది. పెద్దమ్మ పాట ఆపి, చెవి అటు పెట్టి, "గుడి మైకు వేసేశారు, ఇక నీ మైకు కట్టెయ్యి నాన్నా" అంది. సంక్రాంతి వెళ్ళాక కనుమ మరునాటికి ముహూర్తం పెట్టుకున్నాం.